పాత బండికి కొత్త రబ్బరు

పాత బండిని బాగుచేయించుకునే వారిని గమనించండి. ముందుగా ఇంజను గూర్చి మాట్లాడతారు. తరువాత టైర్లు, ఆ తరువాత రంగు. రంగు ఆరి, బండి పెండ్లికొడుకులా నిగనిగలాడుతూ షెడ్డు బయటికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. అప్పుడు మెకానిక్కు, "అయ్యా, రబ్బర్లు, బీడింగులు ఇంకా వేయలేదు" అంటే, "పాతవే వేసేయవయ్యా, ఎవరు చూస్తారు?" అంటారు. ఎవరూ చూడరన్నది నిజమే. అయితే వాన చూస్తుంది. దుమ్ము చూస్తుంది. సైలెన్సరులో నుండి వచ్చే పొగ కూడా చూస్తుంది.

ప్రియ చదువరులారా, ఈ నెల ఈ చిన్న సంగతిని గూర్చే కొంచెం వివరంగా ఆలోచిద్దాం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు, అద్దాన్ని పట్టుకునే బీడింగు, అందం కోసం వేసే మెరుపు పట్టీలు, ఇవన్నీ బండి ఖర్చులో చిన్న భాగమే. కాని లక్షలు పోసి చేయించిన టింకరింగు పని పదేళ్లు నిలుస్తుందా, రెండు వానాకాలాల్లోనే నేలరేకు తుప్పుపట్టి చిల్లులు పడుతుందా అన్నది వీటి మీదనే ఆధారపడి ఉంటుంది.

ఏ బండిని ఉదాహరణగా తీసుకుందాం?

అమెరికా దేశంలో రైతులకు ఎంతో ప్రియమైన బండి ఒకటుంది. షెవర్లే కంపెనీ 1947లో మార్కెట్టులోకి తెచ్చిన పికప్ ట్రక్కు అది. 'అడ్వాన్స్ డిజైన్' అన్నది ఆ తరగతి పేరు. 1955 తొలి నెలల వరకు దానిని తయారుచేశారు. ముందు క్యాబిను, వెనుక తెరిచిన తొట్టి. అరటన్ను బండికి 3100 అనే నంబరు, ముప్పావు టన్నుకు 3600, టన్ను బండికి 3800. గడ్డిమోపులు, పాల క్యాన్లు, కోళ్ల గంపలు మోసిన బండ్లే ఇవి. ఈనాటికీ అక్కడ అనేక కుటుంబాలు తాతగారి బండిని కొట్టంలో నుండి బయటికి తీసి, తండ్రీ కొడుకులు కలిసి ఓపికగా బాగుచేసుకుంటున్నారు. ఇన్నేళ్లు గడిచినా దానికి కావలసిన రబ్బర్లను కొత్తగా పోతపోసి అమ్మే వ్యాపారం అక్కడ నేటికీ నడుస్తూనే ఉంది.

షెవర్లే పేరు మన పెద్దలకు కొత్త కాదు. దాని యజమాని అయిన జనరల్ మోటార్స్ కంపెనీ 1928 నుండి 1954 వరకు బొంబాయిలోనే బండ్లు బిగించి అమ్మింది. ఆ కాలపు లారీలు మన రోడ్ల మీద కూడా తిరిగాయి. అదీగాక, ఆ పికప్పుకు చేసే రబ్బరు పనికీ, మన ఊళ్లో పాత జీపుకో, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకో చేసే పనికీ సూత్రంలో తేడా లేదు. ఒకదానిని బాగా అర్థం చేసుకుంటే మిగిలినవాటికీ పనికివస్తుంది.

ఈ బండిలో ఏటేటా కొన్ని మార్పులు జరిగాయి. రబ్బర్లు కొనేవారు వీటిని తప్పక తెలుసుకోవాలి. 1953 వరకు ముందు అద్దం రెండు ముక్కలు, మధ్యలో నిలువు పట్టీ. 1954లో వంపు తిరిగిన ఒకే అద్దం వచ్చింది. 1951లో తలుపుల ముందు భాగాన గాలి కోసం తెరుచుకునే చిన్న కిటికీలు పెట్టారు. అంతకు ముందు అవి లేవు. కొన్ని క్యాబిన్లకు వెనుక మూలల్లో కూడా వంపు అద్దాలుంటాయి. కాబట్టి "షెవర్లే పికప్పు రబ్బరు ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. ఏ సంవత్సరపు బండి, ఏ రకపు క్యాబిను అన్నది చెప్పాలి. వేరే సంవత్సరపు రబ్బరు చూడడానికి ఒకేలా ఉన్నా, గాడి లోతులో నూలుపోగంత తేడా ఉంటే చాలు, నీరు కారుతుంది.

రబ్బరు ఎందుకు ముసలిదవుతుంది?

పచ్చి రబ్బరు ఎండకు జిగటగా కరుగుతుంది, చలికి పెళుసుబారుతుంది. 1839లో చార్లెస్ గుడ్ఇయర్ అనే అమెరికా దేశస్థుడు రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది సాగే గుణం పోకుండానే గట్టిపడుతుందని కనుగొన్నాడు. 1844లో దానికి పేటెంటు పొందాడు. టైరు, ట్యూబు, బీడింగు అన్నీ ఆ మేలుతోనే మనకు దొరుకుతున్నాయి.

అయితే ఆ రబ్బరుకు ఒక శత్రువు ఉంది. గాలిలో ఓజోను అనే వాయువు చాలా కొద్దిగా ఉంటుంది. అది రబ్బరులోని గొలుసులను తెంపుతుంది. ఎండ దానికి తోడవుతుంది. సాగదీసి ఉంచిన రబ్బరు మీద ఈ దెబ్బ మరీ ఎక్కువ. పాత బీడింగును వంచి చూస్తే పైన వేసవి చెరువులోని నెర్రెల వంటి సన్నని పగుళ్లు కనబడతాయి గదా, అవి ఇలా పడినవే.

ఇప్పుడు బండ్ల తలుపులకు, అద్దాలకు ఎక్కువగా వాడేది ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. ఇది ఎండకు, ఓజోనుకు బాగా తట్టుకుంటుంది. దీనికి పెట్రోలు, గ్రీసు, ఇంజనాయిలు పడవు. అవి తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కొందరు "రబ్బరు మెరవాలి" అని పాత ఇంజనాయిలు రాస్తారు. అది మేలు కాదు, కీడు. సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక కొంచెం సిలికాన్ గ్రీసు పూస్తే చాలు.

రబ్బరులో కూడా రెండు జాతులున్నాయి. అద్దాన్ని పట్టుకునేది గట్టి రబ్బరు. తలుపు చుట్టూ వేసేది స్పాంజి రబ్బరు. తలుపు రబ్బరు నలగాలి, నలిగి ఖాళీని నింపాలి, తలుపు తీయగానే తిరిగి లేవాలి. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే తలుపు పడదు, లేదా నీరు ఆగదు. కొనేటప్పుడు వేలితో నొక్కి చూడండి. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతే ఆ సరుకు కడ్డీకి చుట్టి ఎన్నేళ్లు కొట్లో పడి ఉందో అని అనుమానించవలసిందే.

విప్పేటప్పుడే సగం పని

బిగించే పని బిగించేటప్పుడు మొదలు కాదు, విప్పేటప్పుడే మొదలవుతుంది. పాత రబ్బరు ఎంత చెడిపోయినా దానిని పీకి పారవేయకండి. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, దాని పెదవి లోపలికి తిరిగి ఉందా, బయటికి తిరిగి ఉందా, అతుకు ఏ మూలన ఉందో చూసి రాసుకోండి. ఇప్పుడు చాలా ఇండ్లలో ఫోనులోనే కెమెరా ఉంది గనుక ఫొటోలు తీసి పెట్టుకోండి. పాత ముక్కలను చీటీ కట్టి సంచిలో భద్రపరచండి. కొత్త రబ్బరు వచ్చిన రోజున రెండింటినీ పక్కపక్కన పెట్టి, కోసిన ముఖాన్ని పోల్చి చూడండి. రబ్బరు రాలిపోయి ఏమీ మిగలకపోయినా, రేకు మీద పాత సొల్యూషను మరక ఉంటుంది. ఆ మరకే దారి చూపిస్తుంది.

రబ్బరు కూర్చునే గాడిని శుభ్రం చేయడం ఓపిక పరీక్షించే పని. పాత సొల్యూషను గడ్డలు, మట్టి, తుప్పు, వీటి మీద ఎంత మంచి రబ్బరు అంటించినా అది తుప్పును అంటిపెట్టుకుంటుందేగాని రేకును కాదు. తీగ బ్రష్షుతో తోమి, చిల్లులుంటే వెల్డింగు చేయించి, ప్రైమరు వేసి, రంగు వేయాలి. గాడి లోపల కూడా రంగు పడాలి. రబ్బరు కింద ఎప్పుడూ కొంత తేమ నిలుస్తుంది. అక్కడ పచ్చి ఇనుము ఉంటే తుప్పు కంటికి కనబడకుండా లోలోపల తింటుంది. మనం చూసేసరికి రంగు పొక్కి ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఆ కాలపు రంగుల్లో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరిలోకి పోతుంది. తడిపి రుద్దాలి, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. రెండవది, ఈ పికప్పుల్లో 1949 మోడలు నుండి పెట్రోలు ట్యాంకు క్యాబిను లోపలే, సీటు వెనుక నిలువుగా ఉంటుంది. దానిని తీసి దూరంగా పెట్టకుండా క్యాబినులో వెల్డింగు నిప్పురవ్వ పడనీయకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే దానిలో ఉన్నది పెట్రోలు ఆవిరి.

తలుపు కుదరకుండా రబ్బరు వేయకూడదు

డెబ్బది ఏళ్లు తెరిచి మూసిన తలుపు తిన్నగా ఉండదు. బందుల్లోని సీలలు అరిగి, తలుపు వెనుక కొస కిందికి వాలి ఉంటుంది. తలుపు కొసను పట్టుకొని పైకి ఎత్తి చూడండి. కొంచెం ఎగిరినట్లు కదిలితే సీలలు, బుష్షులు మార్చవలసిందే. రబ్బరు వేయకముందే తలుపును బిగించి, నాలుగు వైపులా సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. పైన అరంగుళం సందు, కింద కాగితం దూరనంత బిగువు ఉంటే ఏ రబ్బరూ ఆ రెండింటినీ సరిదిద్దలేదు.

మంచి పనివారు రంగు వేయకముందే ఒకసారి అన్నీ ఉత్తుత్తిగా బిగించి చూస్తారు. అంటించకుండా, రబ్బరును పెయింటరు టేపుతో అక్కడక్కడ నిలబెట్టి తలుపు వేసి చూస్తారు. "రెండుసార్లు పని" అని కొందరు విసుక్కుంటారు. కాని రంగు వేసిన తరువాత తలుపు అంచును సుత్తితో సరిచేయవలసి వస్తే పోయేది రంగు పని మొత్తం.

రంగు వేసిన మరునాడే రబ్బరు అంటించకూడదు. పైకి ఆరినట్లున్నా లోపల రంగు ఇంకా పచ్చిగానే ఉంటుంది. సొల్యూషనులోని ద్రావకం దానిని లేపేస్తుంది. రంగును బట్టి, వాతావరణాన్ని బట్టి కొన్ని వారాలు ఆగడం మంచిది.

తలుపు రబ్బరు అంటించే విధం

తలుపు రబ్బరుకు వాడే సొల్యూషను సైకిలు పంక్చరు వేసేటప్పుడు వాడే పద్ధతిలోనే పనిచేస్తుంది. రబ్బరుకూ రేకుకూ రెండింటికీ పలుచగా రాయాలి. వేలితో ముట్టుకుంటే జిగురుగా ఉండి, వేలికి అంటని స్థితి వచ్చేవరకు ఆగాలి. అప్పుడు కలిపి నొక్కాలి. ఒకసారి పట్టుకున్నాక జరపడం కష్టం గనుక మొత్తం చుట్టూ ఒకేసారి రాయకుండా, మూరెడు మూరెడుగా చేసుకుంటూ పోవాలి. మూలల్లో ముందు నిలబెట్టి, తరువాత మధ్య భాగాలను కూర్చోబెడితే కొలత తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: రబ్బరును లాగవద్దు. చేతిలో రెండంగుళాలు తక్కువైతే లాగి అతికించాలనే శోధన ప్రతివారికీ కలుగుతుంది. లాగిన రబ్బరు ఆ రోజు చక్కగానే కనబడుతుంది. కొన్ని నెలల్లో అది తన పొడవుకు తాను తిరిగి వస్తుంది. అతుకు విడిపోతుంది, మూలల్లో వంతెనలా లేచి నిలబడుతుంది. లాగి ఉన్న రబ్బరును ఓజోను త్వరగా పగులగొడుతుందని పైన చెప్పుకున్నాం గదా. కాబట్టి కొంచెం ఎక్కువ పొడవు ఉంచి, లోపలికి తోసినట్లుగా అంటించాలి. అతుకు తలుపు కింది భాగంలో వచ్చేలా చూసుకోవాలి. పైన అతుకు పెడితే కప్పు మీది నీరు నేరుగా అందులోకే దిగుతుంది.

కొత్త రబ్బరు వేసిన తలుపు మొదట్లో గట్టిగా పడుతుంది. "కొత్త రబ్బరు లావైంది" అని బ్లేడుతో చెక్కేవారున్నారు. అది చేయవద్దు. తలుపులు మూసి కొన్ని రోజులు బండిని అలాగే ఉంచితే రబ్బరు నలిగి తన స్థానం తెలుసుకుంటుంది. ఆ తరువాత కూడా బిగువుగా ఉంటే, లాకు పట్టుకునే కొక్కేన్ని నూలుపోగంత బయటికి జరిపి చూడాలి.

ముందు అద్దం కూర్చోబెట్టడం

ముందు అద్దం పని ఇద్దరు మనుషుల పని. ఒంటరిగా చేయకూడదు. 1953 వరకు వచ్చిన ఈ బండ్ల అద్దాలు సమతలమైనవి. ఇది గొప్ప సౌకర్యం. పాతది పగిలినా, అద్దాల కొట్టులో కొలతకు కోయించుకోవచ్చు. కాని తప్పనిసరిగా లామినేటెడ్ అద్దాన్నే అడగాలి. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. రాయి తగిలినా పగిలి ముక్కలు ముఖం మీదికి రావు. కిటికీలకు వాడే మామూలు అద్దం చవక అని ముందు అద్దంగా వేస్తే, ఎదురుగా కూర్చున్న భార్యాబిడ్డల ముఖాలతో పందెం వేసినట్లే. కోసిన అంచును నున్నగా రుద్దించాలి. గరుకు అంచు రబ్బరును కోస్తుంది, పగులు కూడా అక్కడి నుండే మొదలవుతుంది.

అద్దం రబ్బరుకు రెండు గాడులుంటాయి. ఒకదానిలో అద్దం అంచు కూర్చుంటుంది, రెండవదానిలో క్యాబిను రేకు అంచు కూర్చోవాలి. ముందుగా రబ్బరును అద్దం చుట్టూ తొడుగుతారు. రెండవ గాడిలో చుట్టూ సన్నని నైలాన్ తాడు దూర్చి, దాని రెండు కొసలు కింది భాగంలో ఒకదానిమీద ఒకటి వచ్చి బయటికి వేలాడేలా ఉంచుతారు. గాడికి సబ్బునీళ్లు ధారాళంగా రాస్తారు. ఒకరు బయట నుండి అద్దాన్ని చట్రంలో నిలిపి అరచేతులతో మెల్లగా నొక్కుతూ ఉంటే, లోపల ఉన్నవారు తాడు కొసను కొద్దికొద్దిగా లాగుతారు. తాడు బయటికి వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కి లోపలికి మడుచుకుంటుంది. చుట్టూ తిరిగేసరికి అద్దం కూర్చుంటుంది. చూడడానికి గారడీలా ఉంటుంది.

ఇందులో బలం పనికిరాదు. ఎక్కడైనా ఆగిపోతే అక్కడ రబ్బరు మడతపడిందని అర్థం. సుత్తితో తట్టినా, మోకాలితో నెట్టినా అద్దం మూలన చిట్లుతుంది. తాడును వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. చలికాలపు ఉదయం కాకుండా, ఎండ వచ్చాక, రబ్బరును కాసేపు ఎండలో ఉంచి వెచ్చబడిన తరువాత చేస్తే పని సగం సులువవుతుంది.

అందంగా తయారైన క్యాబిన్లకు ఈ రబ్బరులోనే సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ కూర్చుంటుంది. అలాంటి రబ్బరుకు మూడవ గాడి ఒకటి ఉంటుంది. మామూలు రబ్బరుకు ఉండదు. పట్టీ కావాలంటే గాడి ఉన్న రబ్బరునే మొదట కొనాలి. చాలామంది పనివారు అద్దాన్ని బండికి ఎక్కించక ముందే, బల్ల మీదనే పట్టీని రబ్బరులోకి ఎక్కిస్తారు. బండికి ఎక్కిన తరువాత రబ్బరు బిగుసుకొని ఉంటుంది గనుక పట్టీ వంగిపోయే ప్రమాదం ఎక్కువ.

నీటిని ఆపడమా, దారి చూపడమా?

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తలుపులో పైకీ కిందికీ కదిలే అద్దం పక్కన ఎంత మంచి ఫెల్టు పట్టీ వేసినా, కొంత నీరు తలుపు పొట్టలోకి దిగుతూనే ఉంటుంది. బండిని తయారుచేసినవారికి ఇది తెలుసు. అందుకే తలుపు అడుగున చిన్న రంధ్రాలు పెట్టారు. నీరు పైనుండి దిగి, కింది రంధ్రాల ద్వారా బయటికి పోవాలి. ఈ రంధ్రాలు మట్టితో, పుట్టీతో, రంగుతో పూడిపోతే తలుపు తొట్టిలా నీటిని నిలుపుకుంటుంది. పాత బండ్లలో తలుపు అడుగే ముందుగా చిల్లులు పడడానికి ఇదే కారణం. కొందరు, "రంధ్రాలున్నాయి, దుమ్ము వస్తుంది" అని వాటిని మూసివేస్తారు. మేలు చేస్తున్నామనుకుంటూ తలుపుకు గొయ్యి తవ్వుతారు.

కాబట్టి రబ్బరు పని నీటిని ఆపడం ఒక్కటే కాదు, వచ్చిన నీటికి దారి చూపడం కూడా. తలుపు అద్దం జారే గాడిలోని ఫెల్టు, అద్దాన్ని రెండు వైపులా తుడిచే పట్టీలు, గాలి కిటికీ చుట్టూ ఉండే మూసపోత రబ్బరు, ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి. ఫెల్టు అరిగిపోతే అద్దం గుంటల రోడ్డులో గడగడలాడుతుంది, గీతలు పడుతుంది. గాలి కిటికీ రబ్బరు అన్నిటికన్నా మొండిది. సబ్బునీళ్లు, ఓపిక తప్ప దానికి మరో మందు లేదు.

కంటికి కనబడని రంధ్రాలు

అసలు ప్రాణానికి సంబంధించిన సంగతికి ఇప్పుడు వస్తున్నాం. ఇంజనుకూ క్యాబినుకూ మధ్య ఉన్న రేకుగోడకు ఎన్నో రంధ్రాలుంటాయి. వైర్లు, కేబుళ్లు, స్టీరింగు గొట్టం, పెడళ్లు వాటిలో నుండి వస్తాయి. ప్రతి రంధ్రానికీ ఒక రబ్బరు గుండీ ఉండాలి. అవి చవకవి, చిన్నవి, చీకట్లో ఉంటాయి. అందుకే అందరూ మరచిపోతారు.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, వికారం, తరువాత మత్తు. చలికాలం రాత్రి అద్దాలు ఎత్తుకొని, పిల్లలను ఒడిలో పడుకోబెట్టుకొని ప్రయాణించేటప్పుడు "పిల్లలు నిద్రపోతున్నారు" అనుకుంటాం. అది నిద్రో, మత్తో ఎలా తెలుస్తుంది? సైలెన్సరు గొట్టంలో చిల్లులు లేకుండా చూసుకోవాలి, ఈ రబ్బరు గుండీలన్నీ లెక్కబెట్టి వేయించుకోవాలి. రబ్బరు ఊడిన రంధ్రంలో వైరు రేకు అంచుకు రాసుకొని, పైతొడుగు తెగి, మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది.

పైన చెప్పిన పికప్పులో మరొకటి ఉంది. సీటు వెనుక ఉన్న ట్యాంకు మూతి క్యాబిను పక్కరేకులో నుండి బయటికి వస్తుంది. ఆ మెడ చుట్టూ రబ్బరు ఉంటుంది. అది చీలితే, పెట్రోలు పోసేటప్పుడు ఒలికినది లోపలికి కారుతుంది, ఆవిరి క్యాబినులో నిలుస్తుంది. కూలీకి వెళ్లి వచ్చి అలసిన మనిషి ఆ సీటు మీద కూర్చొని బీడీ వెలిగిస్తే ఏమౌతుందో చెప్పనక్కరలేదు. అటువంటి రబ్బరు విషయంలో పొదుపు చేయడం పొదుపు కాదు.

మెరుపు పట్టీలు

చివరగా అందం. ముందు జాలీ, పేరు అక్షరాలు, అద్దం చుట్టూ పట్టీలు. వీటిలో కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలువి, కొన్ని ఇనుము మీద నికెలు, క్రోమియం పూత పూసినవి. 1950 నుండి 1953 వరకు జరిగిన కొరియా యుద్ధకాలంలో ఈ లోహాలకు కొరత రావడం వల్ల, మునుపు మెరిసిన భాగాలు కొన్ని ఆ సంవత్సరాల్లో కేవలం రంగు వేసినవిగా వచ్చాయి. కాబట్టి అన్ని బండ్లూ ధగధగ మెరవాలని లేదు. రంగు వేసిన జాలీయే కొన్నిటికి న్యాయమైన అలంకారం.

స్టీలు పట్టీకి సొట్టలుంటే వెనుక నుండి చిన్న సుత్తితో తట్టి, సన్నని గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ చేసుకోవచ్చు. క్రోమియం పూత అలా కాదు. పూత పలుచనిది, గట్టిగా రుద్దితే పోతుంది. పైపైన తుప్పు చుక్కలుంటే అన్నం పొట్లం కట్టే అల్యూమినియం కాగితాన్ని నీళ్లలో ముంచి మెల్లగా రుద్దితే చాలావరకు పోతాయి.

పట్టీ బిగించే ప్రతి రంధ్రమూ నీటికి ద్వారమే. కొత్తగా రంధ్రం వేస్తే దాని అంచుకు వెంటనే ప్రైమరు, రంగు పూయాలి. మేకు వెనుక రబ్బరు వాషరు గాని, గట్టిపడని సీలెంటు గాని పెట్టాలి. నట్టు చేతితో బిగించి, స్పానరుతో ఒక్క చిన్న మలుపు చాలు. బిగించేముందు చుట్టుపక్కల రంగు మీద టేపు అంటించుకుంటే స్క్రూడ్రైవరు జారినా గీత పడదు. పుల్లని వెనిగరు వాసన వచ్చే సిలికాన్ సీలెంటును పచ్చి ఇనుము మీద వాడకూడదు. ఆరేటప్పుడు దానిలో నుండి వెలువడే ఆమ్లం తుప్పును పుట్టిస్తుంది. దాని మీద రంగు కూడా నిలవదు.

పరీక్షించి పుచ్చుకోండి

బండిని మెకానిక్కు అప్పగించేటప్పుడు నాలుగు పరీక్షలు చేసి పుచ్చుకోవడం మన బాధ్యత. మొదటిది కాగితం పరీక్ష. తలుపు సందులో కాగితపు ముక్క పెట్టి మూసి లాగండి. కొంచెం బిగువుగా వస్తే మంచిది. ఊరికే జారివస్తే అక్కడ రబ్బరు అందడం లేదు. చుట్టూ పది చోట్ల ఇలా చూడండి. రెండవది సుద్ద పరీక్ష. రబ్బరు మీద సుద్ద రాసి తలుపు మూసి తెరిస్తే, అవతలి రేకు మీద గీత పడుతుంది. గీత తెగిన చోట సందు ఉన్నట్లు. మూడవది దీపపు పరీక్ష. రాత్రివేళ ఒకరు లోపల టార్చి పట్టుకొని చుట్టూ వేస్తే, బయట ఉన్నవారికి వెలుగు కనబడిన ప్రతి చోటా రంధ్రం ఉన్నట్లే.

నాలుగవది నీటి పరీక్ష. పైపుతో మెల్లగా నీళ్లు పోయాలి. అయితే పైనుండి కాదు, కింది నుండి మొదలుపెట్టాలి. ముందు పైనుండి పోస్తే నీరు అంతటా పారి, ఎక్కడ కారుతుందో తెలియదు. కింద కొన్ని నిమిషాలు, తరువాత కొంచెం పైకి, ఆ తరువాత అద్దం, చివరకు కప్పు. లోపల ఉన్నవారు మొదటి చుక్కను చూడగానే కేక వేయాలి. ఆ కేక వచ్చిన ఎత్తులోనే లోపం ఉంది. పరీక్ష అయ్యేవరకు నేలమీద తివాచీ గాని, చాప గాని పరచకూడదు. తడిసిన చాప కింద రేకు నెలల తరబడి ఆరదు.

సంఘాల్లోను గ్రామాల్లోను మనకు తెలిసిన కుటుంబాలు ఎన్నో ఒక పాత జీపు మీదనో, ట్రాలీ ఆటో మీదనో బ్రతుకుతున్నాయి. బండిని బాగుచేయించే రోజున వారికి మా మనవి ఒకటే. ఇంజనుకు ఎంత, రంగుకు ఎంత అని లెక్కవేసే మొదటి కాగితం మీదనే రబ్బర్లకు కూడా ఒక పద్దు రాయండి. ఆ డబ్బును ముందుగానే విడిగా తీసి పెట్టండి. చివర మిగిలినదానితో చేద్దామనుకుంటే చివర ఏదీ మిగలదు. అప్పుడు పాత పగిలిన బీడింగే కొత్త రంగు మీదికి ఎక్కుతుంది.

ఈ పనిలో ఇంటి పిల్లలను కూడా కూర్చోబెట్టండి. వెల్డింగు వారు చేయలేరు, ఇంజను వారు విప్పలేరు. కాని సబ్బునీళ్లు రాయడం, సుద్ద గీతను చూడడం, చీకట్లో టార్చి పట్టుకోవడం పదేళ్ల పిల్లవాడు గాని పిల్ల గాని చేయగలరు. తలుపు అడుగు రంధ్రాలను పుల్లతో శుభ్రం చేయడం వారికి అప్పగించండి, ఏటా గుర్తుంచుకుంటారు.

తొలకరికి ముందే ఇంటి కప్పు మీద పెంకులు సర్దుకునే వాళ్లం మనం. అదే వారంలో ఒక సాయంత్రం బండి చుట్టూ కూడా తిరిగి, తలుపు రబ్బరును వేలితో నొక్కి చూడండి. వేలు తీయగానే అది లేస్తే ఈ వానాకాలానికి భయం లేదు. లేవకపోతే, వాన పడకముందే పట్నం వెళ్లి కొత్తది తెచ్చుకోండి.